యుజురు: జపాన్ మగపిల్లల పేరు. దీని అర్థం ఏది? నిజంగా అరుదైనదేనా?

ప్రశ్న: నెమలీక

అందరికీ నమస్కారం. మా తమ్ముడూ మరదలూ జపాన్‌లో, కవాసాకిలో ఉంటున్నారు. ఇద్దరివీ భారత పాస్‌పోర్టులే. వచ్చే నెల కాన్పు, మగపిల్లాడని డాక్టరు చెప్పేశారు. 'యుజురు' అని పేరు పెట్టాలని వాళ్ల ముచ్చట. నెట్‌లో వెతికితే ఒక సైటు 'వింటినారి' అంటుంది, ఇంకోటి 'వినయం' అంటుంది, మూడోది 'ఉన్నది వదులుకునేవాడు' అంటుంది. నాలుగోది ఏకంగా సంస్కృతంలోని 'యుజ్' ధాతువు నుంచి వచ్చిందని తేల్చేసింది. ఏది నమ్మాలి?

అక్కడ ఈ పేరు ఎంతమంది పెట్టుకుంటారో కూడా తెలియాలి. ఒకచోట 'చాలా అరుదు' అని, మరోచోట 'ఈ మధ్య ఫ్యాషన్' అని ఉంది. తెలుగువాళ్ల నోట ఎలా పలుకుతుంది, కాగితాల దగ్గర చిక్కులేమైనా ఉంటాయా అన్నది కూడా చెప్పగలరు. ఇంట్లో పెద్దవాళ్లకి చెప్తే 'యజుర్వేదంలోని యజురా?' అని అడిగారు.

జవాబు: అక్షరకూలి

నెమలీక గారూ, మీకు దొరికిన మొదటి మూడు అర్థాలూ నిజమైనవే. మూడూ ఒకే పేరువి అనుకోవడంలోనే వచ్చింది తికమక. జపాన్‌లో పేరుకి అర్థం చెవికి వినపడేదాంట్లో ఉండదు, రాసిన కంజిలో, అంటే చైనా నుంచి వచ్చిన, అర్థాన్నిచ్చే అక్షరంలో ఉంటుంది. యుజురు అని పిలిచే పిల్లలు పదిమంది ఉంటే వాళ్ల పేర్లు అయిదారు రకాలుగా రాసి ఉండొచ్చు. అందుకే అక్కడ కొత్తవాళ్ల పేరు వినగానే 'ఏ కంజి?' అని అడుగుతారు. 'అర్థమేంటి?' అని అడగరు, అక్షరం తెలిస్తే అర్థం తెలిసినట్టే.

ముందు పాత రాత. ఒకే ఒక్క కంజి, 20 గీతలు. ఎడమవైపు 'మాట'ని సూచించే గుర్తు ఉంటుంది, కుడివైపు గుర్తు కాస్త గజిబిజి. ఈ అక్షరాన్ని చైనా నుంచి వచ్చిన ఉచ్చారణలో 'జో' అంటారు, అసలు జపాన్ మాటలో 'యుజురు' అని చదువుతారు. ఇది మామూలు క్రియ, రోజూ వాడేదే. బస్సులో ముసలావిడకి సీటు ఇచ్చి లేవడం యుజురు. బేరంలో ఒక మెట్టు దిగడం యుజురు. ఆస్తిని కొడుక్కి రాసివ్వడం యుజురు. వాడేసిన పిల్లల సైకిల్ ఎవరికైనా ఇచ్చేస్తామని అపార్ట్‌మెంట్ నోటీసు బోర్డు మీద పెట్టే చీటీలో కూడా 'యుజురిమసు' అనే రాస్తారు. ఇదే అక్షరాన్ని 'జో' అని చదివితే జోతో అంటే హక్కు బదిలీ, జోహో అంటే రాజీ, జోయి అంటే సింహాసనాన్ని వారసుడికి అప్పగించడం. వ్యాకరణంలో మనల్ని మనం తగ్గించుకుని మాట్లాడే మర్యాద భాషని కెంజోగో అంటారు, అందులోని 'జో' కూడా ఇదే. మీ మూడో సైటు 'వదులుకునేవాడు' అన్నది ఈ అక్షరం చూసే. తప్పు కాదు గానీ మొరటు అనువాదం. 'తనకి హక్కు ఉన్నా ఎదుటివాడికి దారి ఇచ్చేవాడు' అంటే దగ్గరగా ఉంటుంది.

ఈ రాతతో బాగా పేరున్న మనిషి హిరగ యుజురు. 1878లో పుట్టిన యుద్ధనౌకల రూపశిల్పి. యూబరి అనే చిన్న క్రూయిజర్ ఆయన చేతిదే. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా ఉండగానే 1943లో పోయారు. అంటే ఈ పేరు నిన్న మొన్న పుట్టింది కాదు.

మీ రెండో సైటు చెప్పిన 'వినయం' ఇంకో కంజిది. దాన్ని మామూలుగా 'కెన్' అని చదువుతారు, 17 గీతలు. పేర్లలో మాత్రం యుజురు అని చదివే వాడుక ఉంది. ఇది తక్కువ. పైగా ఎవరు చూసినా ముందు కెన్ అనే చదువుతారు, పిల్లాడు జన్మంతా 'కెన్ కాదండీ, యుజురు' అని దిద్దుకుంటూ ఉండాలి. నేనైతే దీని జోలికి పోవద్దంటాను.

ఇక ఇప్పుడు అందరి నోటా నలిగే రాత: రెండు కంజిలు. మొదటిదానికి ఎడమవైపు దారం గుర్తు, కుడివైపు శుభం అనే గుర్తు, 12 గీతలు. అర్థం ముడివేయడం. జుట్టు ముడి కట్టడాన్ని 'యుఉ' అంటారు, అందులోంచి 'యు' వచ్చింది. రెండోదానికి ఎడమవైపు విల్లు గుర్తు, 8 గీతలు. అర్థం వింటినారి, జపాన్ మాటలో 'త్సురు'. ఈ అక్షరం వీణ తీగకీ, రేఖాగణితంలో జ్యాకీ, సగం చంద్రుడికీ కూడా వాడతారు. మొత్తం కలిపితే 'నారి బిగించడం'. స్కేటింగ్ ఆటగాడు హన్యూ యుజురు పేరు ఇదే. 1994లో సెందాయ్‌లో పుట్టారు. 2014 సోచి, 2018 ప్యోంగ్‌చాంగ్ ఒలింపిక్స్ రెండింట్లోనూ పురుషుల సింగిల్స్ బంగారు పతకం ఆయనదే. బిగించిన వింటినారిలా నిటారుగా బతకాలని వాళ్ల నాన్నగారు ఆ పేరు పెట్టారు.

'త్సురు' కాస్తా 'జురు' ఎందుకైంది అంటే, రెండు మాటలు కలిసినప్పుడు రెండోదాని మొదటి పరుషం సరళం అవుతుంది. మనకి కొత్త కాదు. అన్న, తమ్ముడు కలిస్తే అన్నదమ్ములు అయినట్టే. అక్కడ దీన్ని రెందకు అంటారు.

వింటినారికీ పసిబిడ్డకీ ఇంకో సంబంధం కూడా ఉంది. చక్రవర్తి ఇంట్లో బిడ్డ పుడితే ఏడో రోజు స్నానం చేయించేటప్పుడు తెర బయట ఒకరు పాత గ్రంథం చదువుతుంటే, పక్కన సంప్రదాయ దుస్తుల్లో ఉన్నవాళ్లు బాణం లేకుండా ఉత్త నారి లాగి వదులుతారు. ఆ చప్పుడుకి చెడు దగ్గరికి రాదని నమ్మకం. 2006లో రాకుమారుడు హిసహితో పుట్టినప్పుడు కూడా ఇది చేశారు.

ఇవి కాక 'యుజు' పండు కంజికి చివర 'రు' తగిలించి రాసేవాళ్లు కొందరు. యుజు అంటే నిమ్మ జాతి పండు, మన దబ్బకాయకి చుట్టం అనుకోండి. శీతకాలంలో పగలు అతి తక్కువగా ఉండే రోజున ఆ పండ్లు వేసిన వేడినీళ్లలో స్నానం చేస్తారు. ఆ కంజి ఎక్కువగా ఆడపిల్లల పేర్లలో కనిపిస్తుంది. కంజి ఏదీ లేకుండా ఉత్త హిరగానలో, అంటే పలుకుని మాత్రమే చూపించే జపాన్ లిపిలో, రాసినా చెల్లుతుంది, అప్పుడు అర్థం వినేవాడి ఇష్టం.

'యుజ్' ధాతువు సంగతి ఇంకెవరైనా చెప్తారేమో చూద్దాం, నాకు ఓపిక లేదు.

జవాబు: గసడదవ

ఓపిక నాకుంది. 'యుజ్' అంటే కలపడం, 'యోగం' అందులోంచే వచ్చింది. యుజురు రాతల్లో ఒకదానికి 'ముడివేయడం' అనే అర్థం ఉంది కదా, రెండూ ఒకటేననే మాట అక్కడ పుట్టి ఉంటుంది. కానీ ఆ రాతలో ముడివేయడం అనే అర్థం మొదటి అక్షరం 'యు'ది మాత్రమే. 'జు' తర్వాతి మాటలోది, అదీ 'త్సు' మారితే వచ్చింది. మాటని 'యు', 'త్సురు' అని విడగొట్టాలి. 'యుజ్', 'ఉరు' అని విడగొడితే జపాన్ భాషలో ఏమీ మిగలదు. బౌద్ధం వెంట సంస్కృత పదాలు కొన్ని జపాన్ చేరిన మాట నిజం, ఇది వాటిలోది కాదు. యజుర్వేదంతోనూ సంబంధం లేదు.

ఉచ్చారణ. ఇక్కడ తెలుగువాళ్లకి అదృష్టం కలిసొచ్చింది. 'జు'ని 'జుట్టు', 'జున్ను'లో పలికినట్టు పలకండి, సరిగ్గా అదే. 'జువ్వి' అన్నా సరే. 'జీవితం'లో పలికే జ కాదు. హిందీవాళ్లు దీనికి నుక్తా పెట్టుకోవాలి, మనకి అక్కర్లేదు. అసలు మాట 'త్సురు'లోని 'త్సు' కూడా మన 'చుక్క'లోని చు. చుక్కలో చు, జుట్టులో జు అయిందన్నమాట. 'ర' ఒక్కసారి నాలుక తాకించి వదిలే మామూలు ర. ఉకారం పలికేటప్పుడు మాత్రం పెదాలు ముందుకి చాపకూడదు, వాళ్ల ఉకారం పెదాలు చదునుగా ఉంచి పలికేది.

మూడు అక్షరాలూ హ్రస్వాలే. యు, జు, రు: మూడు లఘువులు, న గణం. జపాన్ వాళ్లు కూడా మాటని మాత్రల్లోనే లెక్కేస్తారు కాబట్టి ఈ లెక్క ఉత్త పోలిక కాదు, వాళ్లకీ అది మూడు మాత్రల పేరే. దీర్ఘం తీస్తే అక్కడ వేరే మాట అయిపోతుంది. మన దగ్గర తప్పు జరిగేదీ అక్కడే. ఇంగ్లీషు అక్షరాల్లో చూసి 'యూజురు' అంటారు, ఇంకొంచెం తొందరపడితే 'యూజర్'. స్కూల్లో హాజరు పిలిచేటప్పుడు ఇది ఖాయం. ఉత్తరాదిలో చివరి ఉకారం మింగేసి 'యుజుర్' అంటారు. తెలుగు మాత్రం అజంత భాష కాబట్టి చివరి 'రు' చక్కగా నిలబడుతుంది.

ఒక చిన్న సంగతి. 'ఇచ్చేయడం' అనే క్రియగా పలికేటప్పుడు స్వరం మొదటి అక్షరం మీద తగ్గి, తర్వాత రెండూ ఒకే ఎత్తులో సాగుతాయి. పేరుగా పిలిచేటప్పుడు మొదటి 'యు' మీద స్వరం ఎత్తి, మిగతా రెండూ దించుతారు. క్రియల నుంచి వచ్చిన ఇలాంటి పేర్లన్నిటికీ ఇదే పద్ధతి: సుసుము అంటే ముందుకి సాగడం, మనబు అంటే నేర్చుకోవడం, రెండింటికీ పేరుగా పిలిచినప్పుడు మొదటి అక్షరమే ఎత్తు. మనం క్రియని ఉన్నపళాన పేరుగా పెట్టుకోం, వాళ్లు పెట్టుకుంటారు.

నక్షత్రం చూసి అక్షరం పెట్టే ఇల్లయితే, జ్యేష్ఠకి నో, యా, యీ, యూ. నాలుగో పాదంలో పుడితే పెద్దవాళ్ల నోరు మూయించొచ్చు. అక్కడ 'యూ' దీర్ఘం కదా అని పురోహితుడు పట్టుబడితే నేనేం చేయలేను.

జవాబు: పట్టికలపిచ్చి

అరుదా కాదా అన్నదానికి వస్తా. దీని చుట్టూ జరిగే వాదనల్లో సగం, ఏం లెక్కపెడుతున్నామో చూసుకోకపోవడం వల్ల వచ్చేవే.

జపాన్‌లో దేశం మొత్తం మీద ఏ పేరు ఎంతమందికుందో ప్రభుత్వం వరస కట్టి ప్రకటించే పద్ధతి లేదు. మీడియాలో ప్రతి ఏటా వచ్చే పట్టికలు ప్రైవేటువి. ఎక్కువగా చెప్పుకునేది మెయిజి యసుద జీవిత బీమా సంస్థది, తమ పాలసీల్లో ఉన్నవాళ్ల పేర్లతో చేస్తుంది, 1912 నుంచి పుట్టినవాళ్ల లెక్క దాంట్లో ఉంది. రెండోది బెనెస్సే వాళ్ల తమహియో పట్టిక, తల్లుల పత్రిక, యాప్ వాడేవాళ్లది. రెండూ నమూనాలే. అందుకే ఒకే సంవత్సరంలో ఒకే పేరు ఒకదాంట్లో పైన, ఇంకోదాంట్లో కింద ఉంటుంది.

ఇంకా ముఖ్యమైనది: రాతని బట్టి ఒక పట్టిక, పలుకుని బట్టి ఒక పట్టిక వేరువేరుగా వేస్తారు. మచ్చుకి 'హరుతో' అనే పలుకు 2009 నుంచి చాలా ఏళ్లు వరసగా మొదటి స్థానంలో ఉంది. కానీ దాన్ని రాసే తీరులు డజన్లకొద్దీ ఉన్నాయి కాబట్టి రాతల పట్టికలో ఏ ఒక్క హరుతో కూడా అంత కాలం పైన నిలబడలేదు. తిరగేసి చూస్తే, వింటినారి కంజి ఒక్కటే రాసిన పిల్లాడు యుజురు కావచ్చు, 'గెన్' కావచ్చు. రాతల పట్టికలో ఇద్దరూ ఒకే గడిలో పడతారు. మీరు చూసిన సైట్లలో ఒకటి పలుకునీ, ఒకటి రాతనీ లెక్కపెట్టి ఉంటుంది.

ఇంకోటి, అక్కడ 'బాగా ప్రచారంలో ఉన్న పేరు' అంటే మనం అనుకునేంత ఉండదు. మొదటి స్థానంలో ఉన్న రాత కూడా ఆ ఏడు పుట్టిన మగపిల్లల్లో వందకి ఒకరు అటూఇటూ. మన వీధిలో 'సాయి' అని కేకేస్తే నలుగురు తలలు తిప్పినట్టు అక్కడ జరగదు.

ఇవన్నీ పెట్టుకుని యుజురుని చూస్తే బొమ్మ ఇలా ఉంటుంది. ఒక్క కంజితో, క్రియ రూపంలో ఉండే పేర్లు తైషో, షోవా చక్రవర్తుల కాలాల్లో బాగా నడిచాయి. మినొరు, ఇసము, సుసుము ఆ బాపతే. యుద్ధం నడిచిన 1940ల మొదటి సగంలో 'గెలుపు' అని అర్థం వచ్చే మసరు పైకెక్కింది. 'దారి ఇవ్వడం' అనే యుజురు ఆ గుంపులో ఎప్పుడూ వెనక వరసే. కాబట్టి 20 గీతల పాత రాత పెద్ద వయసువాళ్లలో అక్కడక్కడా కనిపిస్తుంది, కొత్త పిల్లల్లో చాలా తక్కువ. రెండు కంజిల రాత దీనికి తిరగబడి ఉంటుంది. హన్యూ తరం ముందు దాదాపు ఎవరూ చూడని రాత. సోచి, ప్యోంగ్‌చాంగ్ పతకాల తర్వాత పెరిగింది. ఇప్పుడు వింతగా అనిపించదు, చూడగానే చదవగలరు. అయినా పలుకుల పట్టికలో హరుతో, మినతో, రికు లాంటివాటి దరిదాపుల్లో లేదు.

ఒక్క మాటలో కావాలంటే: అందరికీ తెలిసిన పేరు, కొందరే పెట్టుకునే పేరు. క్లాసులో ఇంకో యుజురు తగిలే అవకాశం తక్కువ, టీచరు తడబడే అవకాశం కూడా తక్కువ. అరుదైన పేరు కావాలనుకునేవాళ్లకి ఇంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం. ఒకటే లోటు, పిల్లాడు పరిచయం చేసుకున్న ప్రతిసారీ 'స్కేటింగ్ వస్తుందా?' అని అడుగుతారు.

నెమలీక

అందరికీ ధన్యవాదాలు. గసడదవ గారూ, మా అమ్మ జుట్టులో 'జు' అనగానే ఠక్కున పలికేసింది. ఇప్పుడు కాగితాల సంగతి. బారసాల 21వ రోజున చేయాలని పెద్దవాళ్లు పట్టుబడుతున్నారు, అప్పటిదాకా పేరు బయటపెట్టకూడదట. కుదురుతుందా? కంజి ఏది రాయించాలి?

జవాబు: కౌంటర్ నంబర్ 4

కుదరదండి. బిడ్డ ఎవరి పౌరుడైనా సరే, జపాన్‌లో పుడితే 14 రోజుల్లోపు వార్డు ఆఫీసులో జనన నమోదు పత్రం ఇవ్వాలి. పుట్టిన రోజే ఒకటో రోజు. 3వ తేదీన పుడితే 16 ఆఖరు. ఆ రోజు సెలవైతే ఆఫీసు తెరిచే మరుసటి రోజు. పత్రం ఒకే పెద్ద కాగితం: కుడి సగం ఆసుపత్రివాళ్లు నింపి సంతకం చేసి ఇస్తారు, ఎడమ సగం తల్లిదండ్రులు నింపాలి. పేరు ఆ ఎడమ సగంలోనే. పేరు తేల్చలేదని రాసి ఇచ్చి, తర్వాత విడిగా చేర్చే దారి చట్టంలో ఉంది గానీ, ఆ ఒక్క కాగితం కోసం మిగతావన్నీ ఆగిపోతాయి. నామాట వినండి: కాగితం మీద పేరు 14 రోజుల్లోపే ఖాయం చేసేయమనండి. 21వ రోజున పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో అదే పేరు రాయించండి. పెద్దవాళ్లకి అప్పుడే చెప్పినట్టు ఉంటుంది.

కంజి గురించి: ఇద్దరూ భారతీయులే కాబట్టి పిల్లాడికి కొసెకి, అంటే జపాన్ కుటుంబ రిజిస్టరు ఉండదు. వార్డు ఆఫీసు పత్రంలో పేరు కతకానలో, అంటే విదేశీ మాటలకి వాడే పలుకు లిపిలో, రాసి, పక్కన ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తారు. రెసిడెన్స్ కార్డు మీద ఇంగ్లీషు అక్షరాలే. కాబట్టి మీకు నచ్చిన కంజి ఇంట్లో గోడకి తగిలించుకునే పేరు పత్రం మీద రాయించుకోవచ్చు, దానికి చట్టంలో విలువ లేదు, అడ్డూ లేదు. కంజిలో వాడుక పేరు నమోదు చేయించుకునే పద్ధతి ఒకటుంది, నిజంగా వాడుతున్నామని రుజువులు అడుగుతారు. పసిబిడ్డకి ఇప్పుడే దాని కోసం తిరగడం దండగ.

అసలు చిక్కు కతకానలోనే ఉంది. 'జు' శబ్దానికి వాళ్ల లిపిలో రెండు అక్షరాలున్నాయి. 'సు' అక్షరానికి పైన రెండు చిన్న గీతలు పెడితే ఒక 'జు', 'త్సు' అక్షరానికి పెడితే ఇంకో 'జు'. పలకడంలో ఈ రోజుల్లో తేడా లేదు. ఇంగ్లీషులో రెండింటినీ జెడ్, యు అనే రాస్తారు. కీబోర్డు మీద మాత్రం జెడ్-యు కొడితే మొదటిది వస్తుంది, డి-యు కొడితేనే రెండోది. క్రియగా రాసే యుజురుకి మొదటిది. స్కేటర్ హన్యూ తన పేరుకి రెండోది వాడతారు, నారి అనే మాట 'త్సు'తో మొదలవుతుంది కాబట్టి. అభిమానంతో ఆయనలాగే రాద్దామని వార్డు ఆఫీసులో రెండోది రాసి, ఆరోగ్య బీమాకి, బ్యాంకుకి, క్రెష్‌కి అలవాటుగా మొదటిది రాస్తే, కంప్యూటర్‌కి అవి ఇద్దరు వేరువేరు మనుషులు. పిల్లల భత్యం పడే ఖాతా తండ్రి పేరు మీద ఉంటుంది కాబట్టి వెంటనే తెలియదు, పిల్లాడి పేరున ఖాతా తెరిచినప్పుడు బయటపడుతుంది. ఏదో ఒకటి తేల్చుకుని ఒక చీటీ మీద రాసి, అన్ని కౌంటర్లలో అదే చూపించమనండి. ప్రత్యేక కారణం లేకపోతే 'సు' మీద గీతలదే మేలు, ఎవరు విన్నా అదే రాస్తారు. క్రెష్‌లో చేరేనాటికి చెప్పులు, డబ్బా, డైపర్ల మీద కూడా ఆ మూడక్షరాలూ హిరగానలో రాసి పంపాల్సిందే. అక్కడ పొరపాటు రాస్తే కనీసం మాసిపోతుంది.

ఇంగ్లీషు స్పెల్లింగ్: వై, యు, జెడ్, యు, ఆర్, యు. న్యూమరాలజీ పేరుతో ఇంకో యు చేర్చడం, జెడ్ బదులు జె పెట్టడం వద్దు. జె పెడితే జపాన్‌వాళ్లు అది వేరే అక్షరంగా చదువుతారు.

తర్వాత వరస ఇది. నమోదు చేసిన రోజే, దాన్ని స్వీకరించినట్టు ఇచ్చే ధ్రువపత్రాలు రెండు మూడు కాపీలు తీసుకోవాలి, ఒక్కోటి 350 యెన్‌లు. ఇమ్మిగ్రేషన్‌కి ఒకటి, మన ఎంబసీకి ఒకటి. పుట్టిన 30 రోజుల్లోపు ఇమ్మిగ్రేషన్ ఆఫీసులో బిడ్డకి నివాస హోదా కోసం దరఖాస్తు పెట్టాలి. 60 రోజుల్లోపు బిడ్డతో దేశం వదిలి వెళ్లేవాళ్లకి తప్ప ఇది అందరికీ తప్పనిసరి. పాస్‌పోర్టు ఇంకా రాలేదని ఆగొద్దు. భారత పౌరసత్వం కోసం ఎంబసీలో జనన నమోదు ఏడాదిలోపు అయిపోవాలి, బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్టు లేదని రాసివ్వాలి. తెలుగువాళ్లకి ఇక్కడ ఇంటిపేరుతో ఇంకో తంటా. తండ్రి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండి, అంతా అసలు పేరు గడిలోనే ఉంటే, వార్డు ఆఫీసులో పిల్లాడి ఇంటిపేరుగా ఏది రాయాలో వాళ్లకి తోచదు. ముందే ఒక నిర్ణయానికి వచ్చి, వార్డు ఆఫీసులో రాసినట్టే పాస్‌పోర్టు దరఖాస్తులో రాయాలి.

ప్రశ్న: చింతచిగురు

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. తల్లి జపాన్ పౌరురాలు, తండ్రి తెలుగువాడు అయితే ఈ కంజి గొడవ మారుతుందా?

జవాబు: అక్షరకూలి

పూర్తిగా మారుతుంది. బిడ్డ తల్లి కొసెకిలోకి ఎక్కుతాడు, అక్కడ రాసిన అక్షరమే అసలు పేరు. తర్వాత మార్చాలంటే కుటుంబ న్యాయస్థానానికి తగిన కారణం చూపించి అనుమతి తెచ్చుకోవాలి. ఏ కంజి పడితే అది పెట్టడానికి లేదు. వాడుక కంజిలు 2,136, పేర్ల కోసం అదనంగా 863, మొత్తం 2,999లోంచే ఎంచుకోవాలి. యుజురుకి పైన చెప్పిన అక్షరాలు, యుజు పండుతో సహా, అన్నీ ఆ జాబితాలో ఉన్నవే. జాబితాలో ఉంటే చాలనీ కాదు. 1993లో టోక్యో పరిధిలోని అకిషిమాలో ఒక తండ్రి కొడుక్కి 'అకుమా', అంటే దయ్యం, అని పెడితే, రెండు కంజిలూ జాబితాలోవే అయినా ఆఫీసు ముందు తీసుకుని తర్వాత కుదరదంది. ఆ గొడవ దేశమంతా చూసింది.

ఇంకో మార్పు కొత్తది. ఇదివరకు కొసెకిలో అక్షరం మాత్రమే ఉండేది, దాన్ని ఎలా చదవాలో ఉండేది కాదు. 2025 మే 26 నుంచి పలుకు కూడా నమోదు చేస్తున్నారు. ఆ పలుకు నలుగురూ ఒప్పుకునేదిగా ఉండాలి. 'ఎత్తు' అనే కంజి రాసి 'పొట్టి' అని చదువుతానంటే కుదరదు. యుజురు రాతలకి ఈ భయం లేదు, ముడి కంజికి 'యు', నారి కంజికి 'త్సురు' నిఘంటువులో ఉన్న పలుకులే. పైన కౌంటర్ గారు చెప్పిన రెండు 'జు'ల తేడా మాత్రం వీళ్లకి ఇంకా గట్టిగా పట్టుకుంటుంది, ఎందుకంటే ఇప్పుడు అది కొసెకిలోనే ఉంటుంది.

గీతలు లెక్కపెట్టి జాతకం చూసే అత్తగారు ఉంటే ముందే చెప్పేయండి: పాత రాత 20 గీతలు, కొత్త రాత 12కి 8 కలిపితే అదీ 20. ఆ లెక్కల్లో 20ని మంచి సంఖ్యగా చూడరు చాలామంది. దాటాలంటే హిరగానలో రాయడం, లేదా నారి కంజి ఒక్కటే పెట్టడం.

నెమలీక

చివరిగా ఒక సందేహం. పాత రాతలో 'ఇచ్చేయడం' అనే అర్థం జపాన్‌వాళ్లకి చేతగానితనంలా వినిపిస్తుందా? గోడ మీద పత్రానికి మరదలికి ఆ రాతే నచ్చింది.

జవాబు: గసడదవ

వినిపించదండి. యుజురిహ అని ఒక చెట్టుంది, పేరులో ఇదే క్రియ. వసంతంలో కొమ్మ చివర కొత్త ఆకులు పూర్తిగా విచ్చుకున్నాకే, కింద వరసలో ఉన్న పాత ఆకులు వేలాడి రాలిపోతాయి. తరం తర్వాత తరం ఇల్లు నిలబడాలని కొత్త సంవత్సరం అలంకరణలో దాని ఆకులు పెడతారు. 'ఒయయుజురి' అనే మాట కూడా ఉంది, తల్లిదండ్రుల నుంచి వచ్చిన గుణం అని. 'అచ్చం నాన్న పోలికే' అని మనం అనే చోట వాడతారు. పాత రాతనే రాయించమనండి. బ్రష్‌తో రాసేవాళ్లకి చెప్పండి, 20 గీతలు ఒకే గడిలో ఇరికించాలి కాబట్టి కుడి సగానికి చోటు ఎక్కువ వదిలి, ఎడమవైపు 'మాట' గుర్తుని సన్నగా వేయమని. లేకపోతే ఒక అక్షరం రెండుగా విడిపోయినట్టు కనిపిస్తుంది.